టూటూ – నర్తకి పావడా కథ

బ్యాలే ఐరోపాలో పెరిగిన నృత్యం. అందులో నర్తకి ధరించే పొరలు పొరల పల్చని పావడాను 'టూటూ' అంటారు. 1832లో పారిస్‌లో 'లా సిల్ఫీడ్' ప్రదర్శనలో మరీ టాల్యోనీ పిక్కల వరకు దిగే తెల్లని పావడాతో నర్తించింది. మునివేళ్లపై నిలిచిన ఆమె గాలిలో తేలే దేవకన్యలా కనిపించింది.

ఆనాడు రంగస్థలంపై గ్యాసు దీపాలుండేవి. పల్చని గుడ్డకు నిప్పు త్వరగా అంటుకుంటుంది కదా! నిప్పంటకుండా చేసే మందులో ముంచితే గుడ్డ బిరుసెక్కుతుందని ఎమ్మా లివ్రీ అనే యువ నర్తకి అందుకు ఒప్పుకోలేదు. 1862లో అభ్యాసం చేస్తుండగా ఆమె పావడాకు నిప్పంటుకుంది. 1863లో ఆమె మరణించింది.

తరువాత పాదవిన్యాసం క్లిష్టమైంది. అది ప్రేక్షకులకు స్పష్టంగా కనిపించాలని పావడాను మోకాళ్ల పైకి కుదించారు. అంటే నృత్యం మారినకొద్దీ దుస్తులూ మారాయి.

ఆలోచించండి: మీరు చూసిన ఒక నృత్యంలో దుస్తులు కదలికలకు ఎలా తోడ్పడ్డాయి?