డబ్బా యాడ కట్టినం?

కోదాడ దగ్గర మా ఊరి వ్యవసాయ బావిలో నాకు ఈత నేర్పింది మా చిన్నాయన. ఖాళీ నూనె డబ్బాకు మూత బిగించి, పగ్గంతో నా వీపు వెనక నడుముకు కట్టేవాడు. ముడి వదులై డబ్బా తొడల వైపు జారితే కాళ్ళు పైకి లేచి తల మునిగేది. "డబ్బా పెద్దదా చిన్నదా అని కాదు బిడ్డా, యాడ కట్టినమన్నదే లెక్క" అంటూ మళ్ళీ ముడి వేసేవాడు. ముప్పై ఏళ్ళ తర్వాత విశాఖ సముద్రంలో స్కూబా డైవింగ్ నేర్చుకుంటుంటే నాకు అక్కరకొచ్చింది ఆ మాటే.

బావిలో తేలితే చాలు. స్కూబాలో అలా కాదు. తేలకూడదు, మునగకూడదు. కోరుకున్న లోతులో చేతులు ఆడించకుండా నిలవాలి. దీన్నే న్యూట్రల్ బయాన్సీ అంటారు. మనమూ మన సామగ్రీ కలిసి ఎంత నీటిని పక్కకు నెడతామో, ఆ నీటి బరువూ మన మొత్తం బరువూ సమానమైనప్పుడు ఆ నిలకడ వస్తుంది. ఉప్పునీరు మంచినీటికన్నా దాదాపు 2.5 శాతం బరువెక్కువ. అందుకే సామగ్రితో కలిపి 100 కిలోలు తూగే మనిషికి మా బావిలో కన్నా సముద్రంలో మునగడానికి ఒంటికి కట్టుకునే సీసం దాదాపు 2.5 కిలోలు అదనంగా కావాలి.

ఈ లెక్కను క్షణక్షణం మార్చేది గాలి. నీటిపైన 1 లీటరుండే గాలి 10 మీటర్ల లోతులో అర లీటరవుతుంది, 30 మీటర్లలో పావు లీటరు. తేలడానికి డైవర్ తొడుక్కునే జాకెట్లో నింపిన గాలీ, ఒంటికి అతుక్కుని ఉండే వెట్‌సూట్‌లోని బుడగలూ అలాగే నలిగిపోతాయి. కాబట్టి దిగేకొద్దీ ఇంకా దిగబడతాం. పైకొచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బి ఇంకా పైకి లాగుతుంది. దిగుతూ జాకెట్లోకి కొంచెం కొంచెం గాలి ఎక్కించాలి, పైకొస్తూ తీసేయాలి.

నా మొదటి డైవ్‌లో నడుము బెల్టుకు అవసరానికి మించి సీసం కట్టారు. మునిగిపోకుండా జాకెట్ నిండా గాలి పట్టించాల్సి వచ్చింది. గాలి భుజాల దగ్గర, సీసం నడుము దగ్గర. మూసీలో వేసిన వలను చూడండి, పైన బెండ్లు, కింద గుండ్లు ఉంటాయి కనుకనే నీళ్ళలో నిలువుగా నిలబడుతుంది. నేనూ అలాగే నిలబడిపోయాను. కాలు ఆడించినప్పుడల్లా అడుగున ఇసుక లేచి కళ్ళముందంతా మసక. ముందుకు పోవాల్సిన వాణ్ణి పైకి పోయాను, అలసిపోయాను, సిలిండర్‌లో గాలి చూస్తుండగానే తరిగింది.

తర్వాత మరో శిక్షకుడు నా బెల్టులోంచి 2 కిలోలు తీసేశాడు. ఇంకో 2 కిలోలు సిలిండర్ పట్టీకి, భుజాల వైపు మార్చాడు. అంతే, బోర్లా పడుకున్నట్టు నీళ్ళలో సమంగా పరుచుకున్నాను. డైవర్లు ట్రిమ్ అనేది దీన్నే. నాకు మాత్రం చిన్నాయన ముడి గుర్తొచ్చింది.

అన్నిటికన్నా సున్నితమైన పరికరం మన ఊపిరి. అర లీటరు గాలి పీలిస్తే అర కిలోను ఎత్తేంత బలం వస్తుంది. అయితే ఒంటికి ఆ సంగతి తెలియడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. ఆ కాస్త ఆగలేక కొత్తవాళ్ళు జాకెట్లోకి గాలి ఎక్కించే బటన్ నొక్కి, ఒక్కసారిగా పైకి తేలిపోతారు. బావిలో ఊపిరి బిగబట్టడం అలవాటైన మనవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. స్కూబాలో ఊపిరి బిగబట్టి పైకొస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లగలవు. ఊపిరి ఆగనే కూడదు.

సిలిండర్‌లోని గాలికీ బరువుంది. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ల ఒత్తిడితో నింపితే ఆ గాలే దాదాపు 3 కిలోలు తూగుతుంది. డైవ్ చివరికి అందులో చాలా భాగం అయిపోయి తేలికవుతాం. సరిగ్గా అప్పుడే, పైకొచ్చేముందు భద్రత కోసం 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు కదలకుండా ఆగాలి. సీసం లెక్క ఆ చివరి నిమిషాలకు సరిపోవాలి.

రుషికొండకో మరో చోటికో స్కూబా నేర్చుకోవడానికి వెళ్తే, బరువు సరిచూడమని శిక్షకుణ్ణి అడగండి. సిలిండర్ ఖాళీ కావస్తున్నప్పుడు, జాకెట్లో గాలి మొత్తం తీసేసి, మామూలు ఊపిరితో కదలకుండా నిలబడితే నీరు మీ కళ్ళ మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అలా జరగకపోతే సీసం మార్పించుకోండి, మొహమాటపడకండి.