కారునకు వెనుకకన్ను

సింహము నడచుచు నడచుచు నొక్కచోట నిలిచి, తాను వచ్చిన త్రోవను ఒకమారు తిరిగి చూచునట. దానినే పెద్దలు సింహావలోకన మనిరి. మృగరాజునకు గల యీ జాగ్రత్త మన యింటి ముంగిట నిలిచిన కారునకు లేదు. దానికి ముందు దీపములు గలవు, ప్రక్కల రెండద్దములును లోపల నొక యద్దమును గలవు. కాని వెనుక చక్రముల చెంత నేమున్నదో చెప్పు కన్ను మాత్రము లేదు. ఆ కన్నును మేము ఇంటివద్దనే యెట్లు అమర్చుకొంటిమో, అది మాకేమి నేర్పినదో సోదరీమణులకు విన్నవింప నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా కాపురము హైదరాబాదు నగరమున యూసుఫ్‌గూడలో. మెట్రో స్టేషనునకు నడచిపోదగినంత దూరమున, ఇండ్లు ఒకదాని భుజము నొకటి రాచుకొని నిలిచిన యొక సందులో, మూడంతస్తుల మేడలో అద్దెకుందుము. క్రింద స్తంభముల నడుమ బండ్లు నిలుపు చోటు. ఆ మూలనే వాచ్‌మన్ కుటుంబమునకు ఒక గది. మావారు ఉపాధ్యాయులు. 2016లో తయారైన చిన్న కారు నొకదానిని రెండేండ్ల క్రిందట ఒకరివద్ద కొంటిమి. కొన్ననాడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించి, సకల దోషములును అంతటితో తొలగినవని తలంచితిమి.

గడచిన ధనుర్మాసమున ఒకనాటి తెల్లవారుజామున వాచ్‌మన్ భార్య గేటు ముందర ముగ్గు వేసి, గొబ్బెమ్మలు పెట్టి, బిందె తెచ్చుకొనుటకు లోనికి పోయెను. మావారు అద్దములు మూడును చూచుకొని కారును మెల్లగా వెనుకకు నడుపసాగిరి. మేము ప్రక్కన కూర్చుండి ప్రసాదపు గిన్నెను ఒడిలో సర్దుకొనుచుంటిమి. ఇంతలో మేడపైనుండి ఇంటివారి అత్తగారు “ఆపండి! ఆపండి! పిల్ల!” అని పెద్దకేక వేసిరి. మావారు బ్రేకు త్రొక్కిరి. దిగి చూతుము గదా, వాచ్‌మన్ కూతురు, రెండేండ్ల పసిది, వెనుక చక్రమునకు మూరెడు దూరమున చతికిలబడి గొబ్బెమ్మపై గుమ్మడిపువ్వును ఊడదీయుచున్నది. మమ్ము చూచి ఆ పువ్వును చేయి చాచి మాకే ఇయ్యబోయినది. ఆ దినమున మేము గుడికి పోలేదు. ఆ పిల్లను ఒడిలో పెట్టుకొని చాలసేపు మెట్లమీదనే కూర్చుంటిమి.

మావారు అజాగ్రత్తపరులు కారు. చూచియే నడిపిరి. తప్పు చూడకపోవుటలో లేదు, కనబడకపోవుటలో నున్నది. ఎంతమేర కనబడదో తెలిసికొనవలెనని ఆ వచ్చిన ఆదివారమున బండ్లన్నియు బయటికి పోయిన వేళ మేమొక పరీక్ష చేసితిమి. పీటమీద ఇత్తడిబిందెను బోర్లించితిమి; రెండడుగుల యెత్తయ్యెను, కూర్చున్న పసిదాని తల యించుమించుగా అంతే యుండును. మావారు కారులో కూర్చుండి లోపలి యద్దమున చూచుచుండగా, ఆ పీటను అడుగడుగుగా వెనుకకు జరుపుచు పోతిమి. పది యడుగులు జరిపినగాని బిందె వారి కంటబడలేదు. పిమ్మట మేము ఆ సీటున కూర్చుంటిమి. మావారికన్న మేము జానెడు పొట్టి. మాకు పదునాలుగడుగుల కవతల గాని కనబడలేదు! ఒకే కారు, ఒకే యద్దము, ఒకే బిందె. స్వయముగా కారు నడుపుకొను పొట్టివారైన సోదరీమణులు ఈ పరీక్షను తప్పక చేసి చూచుకొనవలెను. ఖర్చులేని పని.

ఈ ఆపద మన యొక్క దేశమునకే చెందినది కాదు. అమెరికాలో 2002లో ఒక తండ్రి తన యింటి వాకిటనే కారును వెనుకకు నడుపుచుండగా రెండేండ్ల కుమారుడు దాని క్రిందబడి మరణించెను. ఆ తండ్రి పిల్లల వైద్యుడు. ఆ బాలుని పేరు కామెరాన్ గల్బ్రాన్‌సెన్. ఆ పేరిటనే 2008లో అచ్చట శాసనము పుట్టెను. ఇట్టి ప్రమాదములలో ఆ దేశమున సంవత్సరమునకు సుమారు 210 మంది మరణించుచున్నారనియు, వారిలో నూటికి 31 మంది అయిదేండ్ల లోపు పిల్లలనియు, 26 మంది డెబ్బదేండ్లు పైబడిన వృద్ధులనియు అచ్చటి రహదారి భద్రతాశాఖవారు లెక్క కట్టిరి. తుదకు 2018 మే 1వ తేదీనుండి అచ్చట అమ్ముటకై తయారగు క్రొత్త కార్లన్నిటికిని వెనుక కెమెరా విధిగా నుండవలెనని నియమమేర్పడినది. అచ్చట కాపురమున్న మన యాడపడుచుల కార్లలో గేరు మార్చగానే తెరపై వెనుక దృశ్యము కనబడుట యిందువలననే. ఊహ మాత్రము పాతది. 1956లోనే బ్యూయిక్ కంపెనీవారు తమ ‘సెంచూరియన్’ అను ప్రదర్శనపు కారునకు అద్దమునకు బదులు వెనుక టెలివిజన్ కెమెరాను పెట్టి చూపిరి.

మన దేశమున 2019 జూలై 1నుండి తయారగు కార్లకు వెనుక సెన్సారులు విధింపబడినవి. అడ్డమేదైన వచ్చినచో అవి పీపీయని కూయును. కూయునే గాని, అడ్డుపడినది గోడయో పిల్లయో చెప్పలేవు. మా కారు అంతకు ముందటిది గావున ఆ కూతయు లేదు. కావున కెమెరా పెట్టింపవలె నని నిశ్చయించితిమి. ఒక దుకాణమున విచారింపగా తీగలను మధ్యకు కోసి అతికెదమనిరి. కూలియు వస్తువు వెలతో సమానముగా చెప్పిరి. పాలిటెక్నిక్ చదువుచున్న మా యన్నగారి కుమారుడు “మనమే చేసుకుందాం అత్తా, ఇంట్లో ఫ్యాను బిగించినంత పనే” అనెను. అంత తేలిక కాదు గాని, ఒక పూట పనియే. రాణిగంజ్‌నకు పోయి చిన్న కెమెరాను, లోపలి యద్దమునకు తగిలించు తెరను, పొడుగు తీగను కొనితెచ్చితిమి.

మొదట చేయవలసినది వెనుకకు పోవునపుడు వెలుగు తెల్లదీపపు తీగను గుర్తించుట. చేతిబ్రేకు లాగి, ఇంజను ఆపియుంచి, తాళపుచెవి మాత్రము త్రిప్పి, గేరును రివర్సులో వేసినచో ఆ దీపము వెలుగును. అప్పుడు మీటరుతో చూడగా ఏ తీగలో 12 వోల్టులు కనబడునో అదియే మనకు కావలసినది. దానికి గుర్తుగా పసుపుదారము కట్టితిమి. పిమ్మట పది నెంబరు పానాతో బ్యాటరీ నల్లతీగను ఊడదీసి ప్రక్కకు పెట్టితిమి. ఈ పని మరచి తీగలు ముట్టరాదు. కెమెరా ఎఱ్ఱతీగను ఆ దీపపు తీగకును, నల్లతీగను కారు ఇనుపభాగమునకును కలుపవలెను. ఇట్లు కలిపినచో రివర్సు వేసినపుడు మాత్రమే కెమెరా మేల్కొనును, తక్కిన వేళ నిద్రించును. కెమెరాను నెంబరుపలకకు పైన, అంకె యొక్కటియు మరుగుపడకుండ బిగించితిమి.

కష్టమైన ఘట్టము వెనుక తలుపునకును కారు శరీరమునకును నడుమనున్న రబ్బరుగొట్టము. తీగ దానిలోనుండియే పోవలెను. బయటనుండి పోయినచో తలుపు మూయునప్పుడెల్ల నలిగి తెగును, వాన లోనికి దిగును. మా మేనల్లుడు గంటసేపు శ్రమపడి “రావడం లేదు అత్తా” అని కూలబడెను. మేము లంగాకు బొందు ఎక్కించు పెద్ద పిన్నీసును తెచ్చి, తీగ కొనను దానికి కట్టి, గొట్టమును కుచ్చెళ్లవలె ముడుచుచు విప్పుచు పోగా అయిదు నిమిషములలో ఆవలికి వచ్చినది. ఆడువారి విద్య ఎక్కడ అక్కరకు వచ్చునో ఎవరెరుగుదురు! అటుపిమ్మట తీగను తలుపుల క్రింది పట్టీల లోపలనుండి ముందుకు తెచ్చితిమి. కొన్ని కార్లలో అద్దము ప్రక్క స్తంభమున ప్రాణరక్షణకై గాలిసంచి మడిచియుండును. అట్టిచోట దానికడ్డముగా తీగ పోనీయరాదు.

తెరకు విద్యుత్తు ఫ్యూజులపెట్టెనుండి తీసికొంటిమి. తాళపుచెవి త్రిప్పినప్పుడు మాత్రమే ప్రాణము వచ్చు ఫ్యూజును ఎంచుకొనవలెను. ఎల్లప్పుడు ప్రాణముండు దానికి తగిలించినచో తెర రాత్రియెల్ల మేల్కొని బ్యాటరీని త్రాగివేయును. పొడుగు తీగతో కూడ ఒక సన్నని ఎఱ్ఱతీగ వచ్చును. దాని వెనుక కొనను దీపపు తీగకును, ముందు కొనను తెర సంజ్ఞతీగకును కలిపినచో గేరు వేయగానే తెర తనంత తాను తెరచుకొనును. అతుకులన్నిటికి టేపు గట్టిగా చుట్టి బ్యాటరీని తిరిగి తగిలించితిమి. దీపములను కంప్యూటరు నడుపు క్రొత్త కార్లలోను, కంపెనీవారి హామీ గడువు తీరని కార్లలోను ఈ పని తెలిసినవారికే విడుచుట మేలు.

గేరు వేసితిమి. బొమ్మ వచ్చినది, కాని కుడి యెడమయై, ఎడమ కుడియై వచ్చినది! వెనుకను చూపు తెర అద్దమువలె చూపవలెను. లేనిచో స్టీరింగు త్రిప్పుటలో పొరపడుదుము. మా కెమెరా తీగలో చిన్న ఉంగరమువంటి మెలిక యొకటి కలదు. దానిని కత్తిరింపగా బొమ్మ సరిపడెను. ముందు నేలమీద అన్నియు కలిపి చూచుకొని పిదప బిగించియుండినచో ఈ తడబాటు లేకపోవును.

భారతమున మయసభ కథ మనకు క్రొత్తది కాదు. నీరున్నచోట నేల యని, నేల యున్నచోట నీరని భ్రమించి దుర్యోధనుడు నవ్వులపాలయ్యెను. ఈ తెరయు నొక మయసభయే. చాలమేర చూపుటకై కెమెరా దృశ్యమును కుదించును. మూడడుగులలో నున్నది ఆరడుగులలో నున్నట్లు తోచును. తెరమీది పచ్చ, పసుపు, ఎఱ్ఱగీతలు ఏ దూరమునకు గుర్తులో తయారించినవారికి తెలియునేమో గాని మన వాకిటికి తెలియదు. కావున మేము కారు వెనుక మూడడుగులకొక గీత చొప్పున ముగ్గుపిండితో నాలుగు గీతలు గీచి, తెరలో ఏ రంగు ఏ గీతపై పడుచున్నదో చూచి మనసున నుంచుకొంటిమి. పిమ్మట మరల బిందె పరీక్ష. ఈసారి అడుగు దూరమున నిలిపినను బిందె స్పష్టముగా కనబడినది. మావారికిని మాకును ఒక్కతీరుగానే!

ఇంతటితో కథ ముగిసిన బాగుండెడిది. నాలుగు దినముల తరువాత మబ్బుపట్టిన ఒక సాయంకాలమున తెరలో అంతయు పొగమంచువలె నుండెను. దిగి చూడగా కంటినిండ దుమ్ము. మరియొకనాడు బిందెను చక్రమునకు ప్రక్కగా పెట్టి చూచితిమి. తెరలో జాడయే లేదు. పిల్లలు వెనుకనే కూర్చుందురని నియమమేమి? ప్రక్కనుండి పరుగెత్తి వచ్చుటయే వారి స్వభావము. తెరను నమ్మి తల త్రిప్పుట మానినవారికి కెమెరా మేలుకన్న కీడే చేయగలదు.

అందుచే మా యింట మూడు నియమములు పెట్టుకొంటిమి. ఉదయము వాకిలి తుడిచినపుడే తడిగుడ్డతో ఆ కంటిని తుడుచుట మొదటిది. కారెక్కుటకు ముందు దానిచుట్టు ఒకమారు ప్రదక్షిణము చేయుట రెండవది. గుడిచుట్టు చేయు వారము కారుచుట్టు చేయుటకు సిగ్గేల? కారు కదలక మునుపు వాచ్‌మన్ కూతు రెక్కడనో అడిగి, ఆమె ఎవరి చంకనైన నున్నదని విన్న తరువాతనే గేరు వేయుట మూడవది. మొదటి కన్ను యంత్రముది, రెండవది మనది, మూడవది ఇరుగుపొరుగుది. ఆ ధనుర్మాసపు ఉదయమున పిల్లను కాచినది మేడపైనుండి చూచిన ఆ ముసలమ్మగారి కన్నే గదా!

ఇప్పుడా పిల్లకు మాటలు వచ్చినవి. మావారు తాళపుచెవి చేతబట్టగానే మెట్లెక్కి మా గడపలో నిలిచి, “నేనిక్కడున్నా” అని చేయెత్తి చూపును. అది చూచిన పిమ్మటనే మా కారు కదలును.