మార్పులు పొందిన పాత హార్మోనియము

మాణిక్‌గఢ్ కొండలమీది జివతి సీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాకు చేరినదై, భాషాప్రయుక్త విభజనముతో బొంబాయి రాష్ట్రమునకు సంక్రమించినది. పరండోలి, ముకదంగూడ మొదలగు సరిహద్దు పల్లెలు మావే యని ఇరువైపుల ప్రభుత్వములును చిరకాలము వాదులాడినవి గాని, ఇట్టి చోట మరాఠీ అభంగమునకును తెలుగు రామభజనకును ఒకే హార్మోనియము పెట్టె చాలును. అట్టి పెట్టె యొకటి భజనమందిరపు మూలనుండి బయటపడినదనుకొందము: టేకు చట్రముపై ఎవరో పూసిన ఎనామెలు రంగు, రెండు వరుసల రీడ్లకు తోడు మూడవ వరుస నిముడ్చుటకై ఉలితో తొలిచిన లోపలి పలక, మైకు తీగ దూర్చుటకై ప్రక్కగోడకు పెట్టిన రంధ్రము. దీనిని పూర్వస్థితికి తెచ్చుట చేసిన ఖర్చునకు తగునా?

పూర్వస్థితి యనగా ఏది యని మొదట అడుగవలసి యున్నది. ఏలయన హార్మోనియము పుట్టినది మొదలు మార్పులతోడనే బ్రదికినది. 1842లో పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు పొందిన వాద్యము కాళ్లతో తొక్కుచు, కుర్చీలో కూర్చుండి వాయించునట్టిది. కలకత్తాలో 1875లో ద్వార్కిన్ సంస్థను నెలకొల్పిన ద్వారకానాథ ఘోషు, నేలమీద కూర్చుండు మన గాయకుల కనుకూలముగా తిత్తిని వెనుకకు మార్చి, చేతితో ఊపునట్టి చిన్న పెట్టెగా దానిని రూపొందించెను. ఎడమచేతికి గాలి పని, కుడిచేతికి స్వరముల పని. మన భజనమందిరపు పెట్టె ఈ మారురూపమే కాని, దెబెన్ చేసిన మూలరూపము కాదు.

దీని ప్రాణము రీడులో నున్నది. ఇత్తడి పలకయందలి సన్నని చీలికపై, ఒక కొనను మాత్రము బిగించిన ఇత్తడి నాలుక, గాలి దాటినపుడు చీలికలోనికిని వెలికిని ఊగి, గాలి ధారను తునుకలు చేసి నాదము పుట్టించును. నాలుక కొనను ఆకురాయితో రాచినచో బరువు తగ్గి స్వరము హెచ్చును; మొదట రాచినచో బిగి తగ్గి స్వరము దిగును. కావున పాత రీడును వెలుతురున కెత్తి, ఆ గీతలు కొనయం దెన్ని, మొదట నెన్ని యని చూచిన, దానిని ఎందరు శ్రుతి చేసిరో, ఎంత తొందరపడి చేసిరో తెలిసిపోవును. మొదటి భాగము పలుమారులు అరిగి పలుచబడిన రీడు ఎక్కువ కాలము నిలువదు. ఒక స్వరము హఠాత్తుగా దిగిపోయినచో, నాలుక మొదట కంటికానని పగులు పుట్టినదేమో యని అనుమానింపవలయును. అది అతుకు పెట్టి సరిచేయునది కాదు, మార్చవలసినదే.

ఇక గాలి పరీక్ష. తిత్తిని నిండుగా ఊపి, మెట్టు నొక్కక చూడవలయును. తిత్తి వెంటనే కూలినచో ఎక్కడనో గాలి కారుచున్నది. అది తిత్తి మడతలలోని తోలు చిరుగైనను, మెట్ల క్రింది మూతల మెత్త అరుగుటయైనను స్వల్ప వ్యయముతో బాగగును. పలక చీలినదా, తొలిచిన తావున పలుచబడి వంగినదా, అపుడు వ్యయము వేరు. నా యెన్నికలో రంగు, మైకు రంధ్రము లెక్కకు రానివి: రంధ్రమునకు టేకు బిరడా, రంగునకు ఓపిక చాలును. మూడవ వరుస మాత్రము తీవ్రమైన మార్పు. 42 మెట్ల పెట్టెలో రెండు వరుసలకు 84 రీడ్లు, మూడింటికి 126. రెండింటికై లెక్కించి కట్టిన తిత్తి మూడింటికిని ఒకేమారు గాలి నందింపలేక, మంద్రస్వరములు ఆలస్యముగా పలుకును. ఆ వరుసను తొలగించి పలకను పూడ్చుటయే మేలని నా మతము.

అయితే అన్ని మార్పులను తుడిచిపెట్టరాదు. 1940లో ఆకాశవాణి హార్మోనియమును బహిష్కరించి 1971 వరకు దరిచేరనీయకుండుటకు ముఖ్యకారణము, దాని స్వరములు స్థిరములై, సమవిభాగములై యుండుటయే. ఈ కొండలలో ప్రధాన్ తెగవారు గోండులకు వంశగాథలు పాడుచు గుఱ్ఱపు వెండ్రుకల కమానుతో వాయించు కీక్రిపై వ్రేలు ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారగలదు. హార్మోనియము మెట్టు జారదు. షడ్జము సెకనునకు 240 కంపనములైనచో శుద్ధగాంధారము 300. సమవిభాగపు పెట్టెలో అదియే 302.4. భేదము స్వల్పముగా తోచినను, షడ్జమును ఈ గాంధారమును కలిపి నొక్కిన సెకనునకు తొమ్మిదిమారులు మించిన అదురు వినబడును. ఏ పాటకుడో చెవి కోరగా, పాత హస్తమెవరిదో ఆ గాంధారము మొదటిభాగమును రాచి 300కు దించియుండవచ్చును. అట్టి రీడు కంటబడిన కంపెనీ శ్రుతికి మరల ఎక్కించుట నా దృష్టిలో బాగుచేయుట కాదు, చెరుపుట. దానిని తాకక, పగులుపట్టిన రీడ్లను మాత్రము మార్చి, క్రొత్తవానిని ఈ పాతదానికి సరిపోవునట్లు శ్రుతి చేయవలయును.

తిత్తి పని ఎప్పుడైనను చేయించవచ్చును గాని, మూతలు, మెట్లు సరిచూచు పని కార్తికము వచ్చువరకు ఆపుట మంచిది. వానకాలపు తేమకు ఉబ్బిన కొయ్యను చిత్రిక పట్టినచో, ఎండలు ముదిరిన వెనుక మెట్ల నడుమ సందులు తేలును.