కంగుంది: కోటకు పేరు, రైతుకు చాకిరీ

చిత్తూరు జిల్లా పటంలో నైరుతి మూల చూడండి. ఒకవైపు తమిళనాడు, ఒకవైపు కర్ణాటక. ఆ రెంటి మధ్యకు చొచ్చుకుపోయినట్టు కుప్పం ప్రాంతం కనబడుతుంది. కుప్పం పేరు ఈనాడు రాష్ట్రంలో తెలియనివారుండరు. అయితే నూరేళ్ళ కిందటి రెవెన్యూ రికార్డుల్లో ఈ సీమకు ఉన్న పేరు వేరు. అది కంగుంది జమీందారీ. ఆ కంగుంది ఇప్పుడు కుప్పం మండలంలో ఒక చిన్న ఊరు. ఒక రాతి కొండ, దానిమీద పడిపోయిన కోటగోడలు, కొండ కింద ఇళ్ళు, ఇళ్ళను దాటితే చేలు.

కోటను చూడవచ్చేవాళ్ళు పాలెగాళ్ళ వైభవం గురించి విని పోతుంటారు. ఆ కోటకు రాగులూ వడ్లూ తోలింది ఎవరు, చెరువుకట్టకు మట్టి మోసింది ఎవరు అని అడిగేవాళ్ళు తక్కువ. మేము ఇక్కడ రాస్తున్నది ఆ రెండో కథ. ఎందుకంటే ఈనాటి కంగుంది రైతు కష్టం అందులో నుంచే వచ్చింది.

పాలెగాడు జమీందారైన వైనం

మైసూరు, ఆర్కాటు ప్రభువుల మధ్య నలిగిన కొండసీమ ఇది. 1792లో టిప్పు సుల్తాను ఓడి బారామహల్‌ను కుంఫిణీకి వదులుకున్నాక ఈ చుట్టుపట్ల ఇంగ్లీషువాళ్ళ పెత్తనం మొదలైంది. 1802లో మద్రాసు రాజధానిలో శాశ్వత పరిష్కారం చట్టమైంది. ఆ పద్ధతిలో సర్కారుకు ఏటా ఇంత అని పేష్కషు కట్టేవాడు జమీందారు. రైతు దగ్గర ఎంత గుంజుకుంటాడన్నది మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. పుంగనూరు, కంగుంది రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలో జమీందారీలుగా నిలిచాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక ఇందులోకి వచ్చాయి.

1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరుకు రైలుదారి పడింది. కుప్పం స్టేషనయింది. సరుకు, సంత, షావుకారు అంతా అటే చేరారు. జమీందారీ కచేరీ కూడా కుప్పంలోనే నడిచింది. జమీందారీకి పేరిచ్చిన ఊరు పక్కకు పోయింది. 1876–78 నాటి కరువు ఉత్తర ఆర్కాటును పట్టి పీడించినప్పుడు, ఆ రైలు రైతును ఎంత ఆదుకుందో చరిత్రకే తెలుసు.

1908 ఎస్టేట్లాండు చట్టం వల్ల రైతుకు సాగు హక్కు దక్కింది. కానీ ‘కంబట్టం’ అని పేరుపెట్టి సొంత సేద్యపు భూమిగా చూపిన దానికి ఆ హక్కు లేదు. ఎక్కడ కంబట్టం, ఎక్కడ రైతు భూమి అన్న తగాదా జమీందారీలను చాలాకాలం వదల్లేదు. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుదాకా రైతు యాత్ర నడిచింది. 1938లో ప్రకాశం కమిటీ ‘భూమికి యజమాని దున్నే రైతే’ అని తేల్చింది. 1939లో మంత్రివర్గం దిగిపోవడంతో ఆ సిఫార్సులు అటకెక్కాయి. చివరకు 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి, అదీ నష్టపరిహారం చెల్లించి. ప్రష్యాలోనూ ఇదే జరిగింది: 1811 శాసనం ప్రకారం దొరతనం కింద ఉన్న రైతు తన భూమిలో మూడో వంతో, సగమో దొరకు వదిలితేగాని స్వేచ్ఛ దక్కలేదు. దేశం ఏదైనా దొరలు ఊరికే దిగిపోలేదు.

పట్టా వచ్చింది, చెరువు అనాథ అయ్యింది

రైతువారీ పట్టా చేతికొచ్చింది. అది చిన్న విజయమేమీ కాదు. అయితే ఒక్క సంగతి మిగిలిపోయింది. ఈ సీమలో పెద్ద నది పారకం లేదు. పాలారు ఉన్నా మన రాష్ట్రంలో అది పారేది 33 కిలోమీటర్లే, ఇసుకే ఎక్కువ. కాబట్టి మడి పండాలంటే చెరువే దిక్కు. పూర్వం చెరువు కట్టినవాడికీ, మరమ్మతు చూసేవాడికీ ‘దసబంధం’ మాన్యం ఉండేది. తూము తెరిచి కయ్యకయ్యకూ వంతున నీళ్ళు పెట్టేందుకు నీరుగంటి ఉండేవాడు. ఆ ఏర్పాటులో న్యాయం ఉందని మేము అనడం లేదు. నీరుగంటి కులమేమిటో, వాడికి దక్కే గింజలెన్నో అందరికీ ఎరుకే. కానీ చెరువును చూసే మనిషంటూ ఒకడుండేవాడు.

రద్దు తర్వాత చెరువులు సర్కారు ఆస్తి అయ్యాయి. మాన్యాలు చేతులు మారాయి. పని మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. వంకలు పూడాయి, సప్లయి కాలువల్లో కంప మొలిచింది, మొరవలు తెగాయి. 1984లో కరణం, మునసబుల వంశపారంపర్య ఉద్యోగాలు రద్దయ్యాయి, అది జరగవలసిందే. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. సంఘాలకు ఎన్నికలు జరిగినంత ఉత్సాహంగా పూడికతీత జరగలేదు.

బోరు, బండి, ఏనుగు

చెరువు ఎండితే రైతు ఏంచేస్తాడు? కపిల తోలిన ఊటబావి కూడా ఎండింది. బోరు వేశాడు. వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేచిన బోర్లున్నాయి. అప్పు మాత్రం నిలువునా మిగిలింది. 1990ల రెండో భాగంలో కుప్పంలో ఇజ్రాయిల్ పద్ధతి సేద్యం తెచ్చారు. చిన్న కమతాలను కలిపారు, గెనిమలు చెరిపారు, డ్రిప్పు పైపులు పరిచారు. ప్రదర్శన క్షేత్రంలో దిగుబడి బాగా వచ్చిందని చెప్పారు. కానీ ఆ ఖర్చు చిన్న రైతు మోయగలడా, భూగర్భజలం ఎన్నాళ్ళు తట్టుకుంటుంది అన్న ప్రశ్నలకు జవాబు రాలేదు.

ఇక మిగిలింది రైలు బండి. తెల్లారకముందే సంగటి మూట కట్టుకుని కూలిపనికీ కంపెనీ పనికీ బెంగుళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు కుప్పం ప్రాంతంలో వేలల్లో ఉన్నారు. పక్కనున్న కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక ఆ దారీ మూసుకుపోయింది. ఇంటి దగ్గర ఆడవాళ్ళు పాడి ఆవు, రాగిచేను, మల్బరీ తోట చూసుకుంటారు. మాట కూడా మూడు భాషల్లో సాగుతుంది: ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, రైల్లో కన్నడం.

ఉన్న చేను కాపాడుకుందామంటే ఏనుగులు. 1980లలో పక్క రాష్ట్రాల అడవుల నుంచి గుంపులుగా వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. ఏనుగుకు అడవి చాలదు, రైతుకు చేను చాలదు. ఒక్క రాత్రిలో వరిమడి తొక్కిపోతే పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. మంచిదే. కానీ మంచెమీద కాపలా ఉండే రైతు ప్రాణానికి కందకం, సోలారు కంచె, వెంటనే అందే పరిహారం కూడా కావాలి.

కృష్ణ నీరు వచ్చింది సరే

హంద్రీ–నీవా కుప్పం బ్రాంచి కాలువలో 2024 ఫిబ్రవరిలో ఒకసారి నీళ్ళు వదిలారు. 2025 ఆగస్టు 30న పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి ఇచ్చారు. శ్రీశైలం నుంచి ఎత్తిపోసి ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిపించిన నీరది. 110 చెరువులు నింపాలని, 6,300 ఎకరాలకు పారించాలని, సుమారు 4 లక్షల మందికి తాగునీరివ్వాలని లక్ష్యం. ఏ పార్టీ ప్రభుత్వం తెచ్చిందన్న తగువు రైతుకు అక్కర్లేదు. ఆ నీరు తన కయ్యదాకా వస్తుందా అన్నదే వాడి ప్రశ్న.

కరెంటు పోసి ఎత్తిన నీరు పూడిన చెరువులో ఎంత నిలుస్తుంది? తెగిన మొరవ గుండా ఎంత పోతుంది? చివరి చెరువుకు చేరేలోపు దారిలో ఎవరు మోటార్లు పెడతారు? అందుకే మేము కోరేవి ఇవి. కాలువకు ముడిపెట్టిన చెరువుల వంకలూ తూములూ ముందు బాగుచేయాలి. ఏ చెరువుకు ఎంత నీరు, ఎప్పుడు అన్నది ఊరి చావడి గోడమీద రాయాలి. నీటి సంఘాలకు నిధులివ్వాలి, వాటిలో సన్నకారు రైతులకూ దళితులకూ చోటుండాలి. నీళ్ళు పెట్టే మనిషికి గింజలు కాదు, నెలజీతం ఇవ్వాలి.

కంగుంది కోటను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దుతామంటే మాకు అభ్యంతరం లేదు. ఆ ఖర్చులో కొంత కొండ కింది చెరువులకు కూడా పెట్టండి. దీనికోసం రైతులు అర్జీలతో ఆగకుండా, చెరువు వారీగా ఆయకట్టు లెక్క తీసి సంఘటితంగా అడగాలి. 1948లో పట్టా దక్కిందీ అలా అడిగినందుకే.