తుఫానుకు పేరు పెట్టిన కెప్టెన్

టీవీలో తుఫాను వార్త వస్తే మన భవాని పేట్‌లో ‘చక్రీవాదళ్’ అంటాం. మరాఠీ మాటే అయినా అందులో చక్రం ఉంది గదా, అసలు సంగతి అదే చెప్తుంది. తుఫాను అంటే గుండ్రంగా తిరిగే గాలి. ఇంగ్లీషులో ఆ సంగతి చెప్పడానికి ‘సైక్లోన్’ అనే మాట తయారు చేసినాయన హెన్రీ పిడింగ్టన్. విక్టోరియా రాణి కాలం మనిషి. నేవీ ఆఫీసరు కాదు, సరుకుల ఓడలకు కెప్టెన్.

1797లో ఇంగ్లండులో పుట్టాడు. ఇండియా, చైనా సముద్రాల్లో తిరిగి తిరిగి కలకత్తాలో స్థిరపడ్డాడు. అక్కడ ఓడ ప్రమాదాలను విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడయ్యాడు. తుఫానులో చిక్కిన ఓడల లాగ్ బుక్కులు తెప్పించుకొని, ఏ గంటకు ఏ దిక్కు గాలి వీచిందో పక్కపక్కన పెట్టి చూసేవాడు. 1839 నుంచి ఏళ్ల తరబడి ఇదే పని. 1848లో నావికుల కోసం పుస్తకం వేశాడు. ‘సైక్లోన్’ అందులోనిదే, పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి.

పుస్తకంతోపాటు కొమ్ముతో చేసిన పలుచటి కార్డులు రెండు ఇచ్చాడు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి వాడాలి. అవతలి గీతలు కనపడతాయి కాబట్టి మ్యాపు మీద పెట్టి తుఫాను మధ్యభాగం ఎటుందో చూసుకోవచ్చు. బంగాళాఖాతంలో గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. గాలికి ఎదురుగా నిలబడితే ఆ మధ్యభాగం సుమారు కుడిచేతి వైపు ఉంటుంది. కెప్టెన్ ఓడను దూరంగా మళ్లించుకుంటాడు.

ఓడనైతే మళ్లించొచ్చు, ఊరినెట్లా మళ్లిస్తాం? గోదావరి ముఖంలో, కాకినాడ దగ్గరి కోరంగి అప్పట్లో ఓడలు కట్టే రేవు. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు వచ్చి దాన్ని ముంచేశాయని పిడింగ్టన్ రాశాడు. మన మాటలో ఉప్పెన. 1839 నవంబరులో కోరంగి మళ్లీ మునిగింది.

నా లెక్కలో ఆయన చేసిన పెద్ద పని ఆ పేరు కాదు, ఒక ఉత్తరం. కలకత్తాకు దక్షిణాన మాత్లా నది మీద కొత్త రేవు కట్టాలని సర్కారు అనుకుంటే, ఉప్పెన వచ్చి అంతా ఊడ్చేస్తుందని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి రాశాడు. సర్కారు వినలేదు. రేవు కట్టి పోర్ట్ క్యానింగ్ అని పేరు పెట్టింది. పిడింగ్టన్ 1858లో పోయాడు. 1867 నవంబరులో ఉప్పెన వచ్చింది. కొన్నేళ్లకే ఆ రేవును వదిలేశారు.