చూపు లేని అడుగుకు నిలకడ ఎక్కడిది?

ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోండి. (గోడ పక్కనే సుమా! మోకాలు చిట్లితే మా పూచీ లేదు.) కాసేపటికే ఒళ్లు తూలుతుంది. మనల్ని నిలబెట్టేవి మూడు: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లూ కండరాలూ కీళ్లూ మెదడుకు పంపే కబుర్లు. బొత్తిగా చూపు లేని పిల్లలు మిగతా రెండింటితోనే నెట్టుకురావాలి.

● ఒప్పులకుప్ప తిరిగి ఆగాక కూడా ఇల్లంతా గిర్రున తిరుగుతుందేం? లోపలి చెవిలో మూడు అర్ధవలయ నాళాలుంటాయి. మనం ఆగినా వాటిలోని ద్రవం వెంటనే ఆగదు, ఇంకా తిరుగుతున్నామనే మెదడుకు కబురు వెళ్తుంది.

● నిలకడలో కంటి పెత్తనం ఎంతో 1974లో పరిశోధకులు డేవిడ్ లీ, ఎరిక్ ఆరన్సన్ చూపించారు. అప్పుడప్పుడే నిలబడుతున్న పసివాళ్లను ఒక గదిలో ఉంచి, నేల కదలకుండా గోడల్ని మాత్రమే జరిపారు. ఎదుటి గోడ మీదికి రాగానే, తామే ముందుకు తూలుతున్నామనుకుని పిల్లలు వెనక్కి వాలారు. కొందరు పడిపోయారు కూడా!

● చూపు లేని పసిపాప కూర్చోవడం చాలావరకు మామూలు వయసులోనే నేర్చుకుంటుంది. పాకడం, నడవడమే ఆలస్యం. కాళ్లలో బలం లేక కాదు. అంత దూరంలో ఊరించే బొమ్మ కనిపించదు కదా, ఎందుకు కదలాలి? బోర్లా పడుకోబెట్టినా తలెత్తి చూడాల్సిందేమీ ఉండదు. దాంతో మెడ, వీపు కండరాలకు కసరత్తు తగ్గుతుంది. గిలక్కాయ చప్పుడు వినబడితే సరిపోదా అంటారేమో. ఆ చప్పుడు చేసేది చేతికందే వస్తువేనని తెలియడానికే నెలలు పడుతుందని పరిశోధకురాలు సెల్మా ఫ్రైబర్గ్ 1970ల్లో గమనించారు.

● చూపు లేని పిల్లలు పాదాలు ఎడంగా పెట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తూ నేలను రాసుకుంటూ నడిస్తే “సరిగ్గా నడువు” అని గదమాయిస్తాం. నిజానికి అది పడిపోకుండా వాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం.

● వేలి కొసతో గోడను ఊరికే తాకినా చాలు, ఒళ్లు తూలడం బాగా తగ్గుతుంది. బరువు ఆనించనక్కర్లేదు. తెల్లకర్ర దారి చూపడమే కాదు, ఈ పనీ చేస్తుంది.

● పడిపోతారని భయమా? జూడోలో మొదటి పాఠమే దెబ్బ తగలకుండా పడటం. చూపు లేనివారి జూడో 1988 సియోల్ నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. గంటలున్న బంతితో ఆడే గోల్‌బాల్ 1946లో, రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం పుట్టింది. భారత అంధుల క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా చేసిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆంధ్రప్రదేశ్ వారే. 2023 అర్జున అవార్డు అందుకున్నారు. ‘పడిపోతాడు, కూర్చోబెట్టండి’ అనే ఇళ్లకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

● చూపు లేని పిల్లలకు దారి చూపాల్సి వస్తే రెక్క పట్టి లాగకండి, వెనక నుంచి నెట్టకండి. మీ మోచేతినో, చిన్నపిల్లలైతే మీ మణికట్టునో వాళ్లనే పట్టుకోనిచ్చి, అర అడుగు ముందు నడవండి.