కొమురం భీం: తుపాకి కంటే ముందు దరఖాస్తు

కొమురం భీం పేరు వినని వాళ్లు ఇవాళ తెలంగాణలో దాదాపు లేరు. జిల్లాకు ఆయన పేరుంది, ఊళ్లలో విగ్రహాలున్నాయి, సినిమాలొచ్చాయి. గాని ఆయన ఏం అడిగాడు, ఎందుకు చంపారు అని క్లాసులో అడిగితే "నిజాంతో పోరాడాడు" అన్న ఒక్క ముక్కే జవాబుగా వస్తుంది. నిజాంతో చాలామంది పోరాడారు. భీం ఎందుకు పోరాడాడో విడిగా చెప్పుకోకపోతే ఆయన్ని విగ్రహం చేసి పక్కన పెట్టినట్టే. ఒక గోండు రైతు గెరిల్లా నాయకుడు ఎట్లా అయ్యాడు, ఆయన చనిపోయాక ఏం మారింది, ఏం మారలేదు అనేదే ఈ వ్యాసం.

ముందు ఆధారాల మాట. భీం కథ మనకు ప్రధానంగా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, ఘర్షణ జరిగిన కొద్దికాలానికే ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాతలు. రెండోది, గోండులు తరం నుంచి తరానికి చెప్పుకుంటూ వచ్చిన కథ. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల ఈ రెండో దారిలోది. ఈ రెండూ అన్ని వివరాల్లోనూ కలవవు, చనిపోయిన తేదీ మీద కూడా తేడా ఉంది. కాబట్టి జనం చెప్పే మాటను జనం మాటగానే ఇక్కడ చెప్తాను.

అడవి చుట్టూ గీసిన గీత

ఆసిఫాబాద్ కొండల్లో గోండులు, కోలాములు సాగు చేసే పద్ధతి మైదానం రైతు పద్ధతి కాదు. కొన్నేళ్లు దున్ని, నేల సత్తువ తగ్గితే దాన్ని బీడు వదిలి పక్కకు పోయేవాళ్లు. నేల కోలుకున్నాక మళ్లీ వచ్చేవాళ్లు. ఏ చెలక ఎవరిదో ఊరందరికీ తెలుసు, కాగితంతో పని లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో హైదరాబాద్ సంస్థానం అటవీశాఖ వచ్చి రిజర్వు అడవికి హద్దులు గీసింది. బీడు వదిలిన చెలక వాళ్ల లెక్కలో అడవి అయిపోయింది. తిరిగొచ్చి దున్నినవాడు ఆక్రమణదారు అయ్యాడు. పశువులు మేస్తే పన్ను, కట్టె కొడితే జుల్మానా, ఇవి కాక గార్డులకు మామూళ్లు.

ఇదే సమయంలో మరో పని జరిగింది. కాజీపేట-బల్లార్షా రైలు మార్గం 1920ల చివరికి పూర్తయింది. అటు మరాఠీ ప్రాంతం నుంచి, ఇటు తెలంగాణ మైదానం నుంచి రైతులు, షావుకార్లు వచ్చారు. వాళ్లకు కచేరీ తెలుసు, భాష తెలుసు, పట్వారీ తెలుసు. పట్టాలు వాళ్ల పేరు మీద వచ్చాయి. గోండు దున్నితే అటవీ నేరం, మైదానం నుంచి వచ్చినాయన దున్నితే సర్కారుకు శిస్తు. నేల అదే, నాగలి అదే, తేడా కాగితం దగ్గరే వచ్చింది. ఈ సంగతి పట్టుకోకుండా భీం కథ అర్థం కాదు.

భీం నడిచిన దారి

'కుమ్ర' గోండుల్లో ఒక వంశం పేరు. తెలుగువాళ్ల నోట్లో అది కొమురం అయింది. భీం ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో 1901లో పుట్టాడని చెప్తారు. తండ్రి చిన్ను పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరి అడవి కొట్టి చేను చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు ఆ భూమి నాదని సిద్ధిఖీ అనే పట్టాదారు వచ్చాడు. ఆ గొడవలో భీం కొట్టిన దెబ్బకు అతను చనిపోయాడు. భీం పారిపోయి చాందా వైపు పోయాడని, అక్కడ చదవడం రాయడం నేర్చాడని, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడని జనం కథ. అంటే ఊరికి తిరిగొచ్చిన భీం ఉత్త అడవి మనిషి కాదు. కూలి బతుకు తెలిసినవాడు, అక్షరం విలువ తెలిసినవాడు.

తిరిగొచ్చాక బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో గోండులు, కోలాములు మళ్లీ అడవి కొట్టి ఊళ్లు కట్టుకున్నారు. ఫారెస్టోళ్లు వచ్చి గుడిసెలు తగలబెట్టారు, కేసులు పెట్టారు. అప్పుడు భీం మొదట తుపాకి పట్టలేదు. వకీలును పెట్టుకుని కోర్టుకు పోయాడు. అధికారులకు మొర పెట్టుకున్నాడు. నిజాంను కలుద్దామని హైదరాబాద్ దాకా పోయాడని, దర్శనం దొరకలేదని గోండులు చెప్తారు. వీరుడి కథ చెప్పే తొందరలో మనం దాటేసే భాగం ఇదే. చట్టం తలుపులు ఒక్కొక్కటీ తట్టి చూసిన మనిషి ఆయన.

ఆ తర్వాతే పన్నెండు ఊళ్ల మీద గోండు రాజ్యం కావాలన్న మాట వచ్చింది. ఆ ఊళ్ల భూమి, అడవి మీద పెత్తనం అక్కడి వాళ్లదే కావాలని అర్థం. 'జల్, జంగల్, జమీన్' అన్న నినాదం ఆయన పేరుతో నిలిచింది ఇందుకే. నాటు తుపాకులు, గొడ్డళ్లు, కొడవళ్లతో దళం కట్టి జోడేఘాట్ కొండ మీద నిలబడ్డారు. 1940లో సాయుధ పోలీసులు కొండ ఎక్కారు. దారి చూపింది కుర్దు పటేల్ అని జనం మాట. కాల్పుల్లో భీం, ఆయనతో పాటు మరికొందరు గోండులు చనిపోయారు. భీంకు మంత్రాలొస్తాయని భయపడి, శవాన్ని కూడా మళ్లీ మళ్లీ కాల్చారని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఏటా అశ్వయుజ పున్నమికి జోడేఘాట్‌లో వర్ధంతి చేస్తారు.

చావు తర్వాత కదిలిన ఫైలు

జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి చూడమని పంపింది. అసంతృప్తికి మూలం భూమేనని ఆయన తేల్చాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి, వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. 1949లో ఆదివాసీ ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. హైమెన్‌డార్ఫ్ మేలు గోండులే మరిచిపోలేదు, మనమూ మరవనక్కర్లేదు. గాని మన పుస్తకాలు ఈ మార్పును ఒక విదేశీ పండితుని దయగా రాస్తాయి. భీం బతికుండగా పెట్టుకున్న మొర ఎవరూ తీసుకోలేదు. శవాలు పడ్డాక సర్కారు రిపోర్టు రాయించుకుంది. ఆ పట్టాల వెల జోడేఘాట్‌లో పడ్డవాళ్లు కట్టారు.

వచ్చిన భూమి నిలిచిందా? వలసలు ఆగలేదు, బినామీ పేర్లతో భూములు మళ్లీ జారాయి. గిరిజనేతరులకు భూమి బదిలీని కట్టడి చేస్తూ 1970లో 1/70 చట్టం వచ్చింది. అమలు అడగడానికి ఇంద్రవెల్లిలో కూడిన గోండుల మీద 1981 ఏప్రిల్ 20న పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది, హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2016లో జిల్లాకు భీం పేరు పెట్టారు. 2023లో రాష్ట్రమంతటా సుమారు 4 లక్షల ఎకరాల పోడు భూమికి పట్టాల పంపిణీని ఆసిఫాబాద్‌లోనే మొదలుపెట్టారు. 2025లో జీవో 49 వచ్చింది. పులుల దారి కోసం వందల ఊళ్లను ఆనుకుని ఉన్న అడవిని రిజర్వుగా ప్రకటించారు. ఆ రిజర్వుకు పెట్టిన పేరు కుమ్రం భీం! ఆదివాసులు బంద్ చేశాక జులైలో ఆ జీవోను పక్కన పెట్టారు గాని, రిజర్వు గీతకు వ్యతిరేకంగా చనిపోయిన మనిషి పేరునే ఆ గీతకు పెట్టొచ్చన్న ఆలోచన సర్కారుకు వచ్చింది గదా.

మా తాత జీవితమంతా దున్నిన చెలకకు కాగితం లేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, ఆ చెలక మాత్రం ఇప్పుడు మాది కాదు. అందుకే ఈ కథ నాకు అడవి కథగా మాత్రమే కనిపించదు. దళితుల అసైన్డ్ భూములూ, ఆదివాసుల పోడూ ఒకే కచేరీ ముందు నిలబడి ఉన్నాయి.

విద్యార్థులకు, టీచర్లకు చెప్పేది ఒకటే. అడవిలో తుపాకి పట్టి చనిపోయినవాడి కథను తుపాకి దగ్గర మొదలుపెడితే అది పోలీసు రికార్డు అవుతుంది, పూజ దగ్గర ముగిస్తే భజన అవుతుంది. జోడేఘాట్ పోయినప్పుడు విగ్రహానికి దండం పెట్టండి. ఆ పక్క ఊరికి పోయి, ఎవరి చేనుకు పట్టా ఉందో, ఎవరి దరఖాస్తు ఎన్నేళ్లుగా ఆఫీసులో ఉందో కూడా అడిగి రాసుకురండి.